సిగ్నల్ గీతలున్నా ఫొటో ఎందుకెళ్లట్లేదు? మొబైల్ పవర్ కంట్రోల్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఫోన్ బానే ఉంటది, అదే మందస దాటి జీడితోటల్లోకి వెళ్తే రెండు గీతలే. వీడియోలు ఎలాగో నడిచీస్తాయి, గానీ వాట్సాప్‌లో ఒక్క ఫొటో పంపుదామంటే అలా తిరుగుతానే ఉంటది, పైగా ఛార్జింగ్ బేగా దిగిపోద్ది. ఎందుకో చూద్దాం.

ముందు ఒక మాట, ఆ గీతలు టవర్ మాట మనకెంత వినిపిస్తందో చెప్తాయి, అంతే. మన మాట టవర్‌కి వినిపిస్తందా అన్నది వేరే లెక్క. టవర్ పదుల వాట్లతో పంపుద్ది, మామూలు 4జీ ఫోన్‌కి లిమిట్ 200 మిల్లీవాట్లు, అంటే 23 డీబీఎం (డీబీఎం అంటే పవర్ కొలిచే లెక్క, 10 పెరిగితే పవర్ పది రెట్లవుద్ది; రెండిటి మధ్య తేడాని డీబీ అంటారు).

మరైతే ఎప్పుడూ ఫుల్ పవర్‌లోనే పెట్టీసుకోవచ్చు కదా అంటారా? ఆర్టీసీ బస్సులో కండక్టర్ పక్కన నిల్చున్నోడు ఫోన్లో గట్టిగా అరుస్తుంటే ఎనక సీట్లో ముసలమ్మ "ఆపండి బాబూ" అన్నా కండక్టర్‌కి వినిపించదు. 3జీలో సరిగ్గా ఇదే గొడవ, అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి మాట్లాడతారు, అందుకే టవర్ సెకనుకి 1500 సార్లు పెంచు, తగ్గించు అని ఒక్కో ఫోన్‌కి చెప్తానే ఉంటది, దీన్నే పవర్ కంట్రోల్ అంటారు. 4జీలో టవర్ తన కిందోళ్లకి ఫ్రీక్వెన్సీని వేరేవేరే ముక్కలుగా పంచుద్ది కాబట్టి ఆ గోల తక్కువ, పక్క టవర్‌కి డిస్టర్బెన్స్ మాత్రం తప్పదు.

ఇప్పుడు అసలు లెక్క, కాస్త నెమ్మదిగా వినండి. టవర్ తన రిఫరెన్స్ సిగ్నల్ (ఫోన్లు కొలుచుకోడానికి వదిలే సిగ్నల్) ఎంత పవర్‌తో వదుల్తందో అదే చెప్పీస్తది, 15 డీబీఎం అనుకోండి. మీ ఫోన్‌కి మైనస్ 85 అందింది. అంటే దారిలో 100 డీబీ పోయింది. ఆ పోయిందాన్ని మొత్తం పూడ్చొద్దు, 0.8 వంతే పూడ్చు అని టవర్ చెప్పిందనుకోండి (అంచున ఉన్నోళ్లు పక్క టవర్‌ని చెడగొట్టకుండా), అది 80. టవర్ ఇచ్చిన బేస్, అంటే లెక్క మొదలెట్టే అంకె, మైనస్ 80. పది రిసోర్స్ బ్లాకులు (టవర్ పంచే ఆ ఫ్రీక్వెన్సీ ముక్కలు) వాడితే పది రెట్లు పవర్ కావాలి కాబట్టి ఇంకో 10 డీబీ కలుపుతాం. మొత్తం 10 డీబీఎం, అంటే 10 మిల్లీవాట్లు. హాయిగా ఉంది.

అదే తోటలో మైనస్ 105 వచ్చిందనుకోండి, నష్టం 120, లెక్క 26 డీబీఎం అని వస్తది, గానీ ఫోన్ 23 దాటలేదు! 10 మిల్లీవాట్లది కాస్తా 200కి ఎక్కీసింది, ఇరవై రెట్లు, అయినా చాల్లేదు. నా దగ్గర ఇంక పవర్ లేదండీ అని ఫోన్ టవర్‌కి రిపోర్ట్ పంపుద్ది, దాన్ని పవర్ హెడ్‌రూమ్ అంటారు. అది చూసి టవర్ బ్లాకులు తగ్గించీస్తది, ఉన్న పవర్ తక్కువ బ్లాకుల్లో పెడితే కనీసం అవైనా వినిపిస్తాయని. స్పీడ్ పోయేది అక్కడే. బ్యాటరీ పోయేదీ అక్కడే.

మీ ఫోన్‌కి ఎన్ని డీబీఎం అందుతందో చూసుకోవాలంటే ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ స్ట్రెంగ్త్ ఉంటది, కంపెనీని బట్టి మెనూ అటూఇటూ మారుద్ది. స్లాబ్ ఇల్లయితే గది మధ్యలోంచి కిటికీ దగ్గరికి జరిగి మళ్లీ చూడండి.

ఇంకోటి, ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ పెంచే బూస్టర్లు కొనీకండి. పర్మిషన్ లేకుండా పెట్టడం మన దేశంలో నేరం, పైగా అది మీ సిగ్నల్‌తోపాటు చెత్త నాయిస్ కూడా పెంచీసి టవర్ మీద పోస్తది, అప్పుడు ఊళ్లో మిగతా ఫోన్లన్నీ పవర్ పెంచుకోవాల్సిందే.