మూడు నిమిషాల పలకపై నాట్యశాల: డాన్స్ బ్యాండ్ పాటల రికార్డింగు చరిత్రపై చర్చ

(పాల్గొన్నవారు: పాత గ్రామఫోను రికార్డుల సేకర్త, సంగీత చరిత్ర అధ్యాపకురాలు, పాత రికార్డులను శుభ్రపరిచి డిజిటల్ రూపంలోకి మార్చే శబ్ద ఇంజనీరు, కార్యక్రమ సమన్వయకర్త)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. 1920 నుంచి 1945 వరకు అమెరికాలోనూ ఇంగ్లండులోనూ హోటళ్లలో, నాట్యశాలల్లో జనాన్ని ఆడించిన డాన్స్ బ్యాండ్ల పాటలు ఇవాళ మనకు అందుతున్నది ప్రధానంగా గ్రామఫోను రికార్డుల ద్వారానే. ఆ రికార్డులు ఆనాటి నాట్యశాలలో మోగిన సంగీతానికి ఎంతవరకు సాక్ష్యం చెబుతాయన్నది ఈ పూట మనం చర్చించే విషయం. మాస్టారూ, ముందు మీ అభిప్రాయం చెప్పండి.

సేకర్త: చాలా తక్కువ సాక్ష్యం చెబుతాయి. ఆ బృందాలు రాత్రి పొద్దుపోయేదాకా వాయించేవి. నేల మీద ఆడుతున్న జంటల ఉత్సాహాన్ని బట్టి ఒకే బాణీని పదే పదే తిప్పేవి, ఒక పాటలోంచి ఇంకొక పాటలోకి జారిపోయేవి. పది అంగుళాల రికార్డుకు ఒకవైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. పాల్ వైట్‌మన్ బృందం 1920 ఆగస్టులో న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్డెన్‌లో విక్టర్ కంపెనీకి ఇచ్చిన ‘విస్పరింగ్’ రికార్డునే తీసుకోండి. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయి, డాన్స్ బ్యాండ్ రికార్డు అనేది పెద్ద వ్యాపారమని రుజువు చేసింది అదే. దానిలో గాత్రమే లేదు. మధ్యలో ఈలలాంటి ఒక జారుడు వాద్యం మాత్రం బాణీ మోస్తుంది. లేబుల్ మీద ‘ఫాక్స్‌ట్రాట్’ అని ఒక నాట్యం పేరు ముద్రించారు, ఎందుకంటే కొనేవాడికి కావలసింది ఏ అడుగు వేయాలన్న సంగతి. అంటే ఇది నాట్యశాలను ఉన్నదున్నట్లు పట్టిన వస్తువు కాదు, ఇంటి గదిని నాట్యశాల చేసుకోవడానికి విడిగా తయారుచేసిన సరుకు.

సమన్వయకర్త: తయారీ అన్నారు కాబట్టి ఇంజనీరు గారిని అడుగుతాను. 1920లో ఆ గదిలో ఏం జరిగేది?

ఇంజనీరు: మైక్రోఫోన్ లేదు. వాద్యకారులందరూ ఒక పెద్ద గొట్టం నోటికి దగ్గరగా ఒకరిమీద ఒకరు పడేటట్లు నిలబడి వాయించేవారు. ఆ ధ్వని ఒత్తిడే సూదిని కదిలించి మైనపు పలక మీద గాడి గీసేది. పెద్ద డ్రమ్ము గట్టిగా మోగితే సూది గాడి తప్పే ప్రమాదం ఉండటంతో దాన్ని పక్కన పెట్టి చెక్కముక్కలతో, తాళాలతో సరిపెట్టుకునేవారు. కింది స్వరాలకు తీగల బాస్ చాలక ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూరా ఊదించేవారు, వయొలిన్‌కు చెక్క పెట్టె బదులు లోహపు గొట్టం తగిలించిన స్ట్రో వయొలిన్ వాడేవారు. ఆ రికార్డులు విని ఆనాటి బ్యాండ్లకు డ్రమ్ముల ధ్యాసే లేదనుకున్న రచయితలు కూడా ఉన్నారు. ఇంకో సంగతి: మైనపు పలకను ఒక్కసారి సూది పెట్టి వింటే గాడి చెడిపోతుంది, కనుక అచ్చుకు పంపే పలకను వాయించినవారు ఆ రోజు వినలేరు. అందుకే ఒకే పాటను రెండు మూడు పలకల మీద వరుసగా వాయించి, వాటిలో ఏది అచ్చుకు వెళ్లాలో తరువాత కంపెనీ తేల్చేది. ఆ ఒక్కొక్క ప్రయత్నాన్నే ‘టేక్’ అంటారు. రికార్డు మధ్యలో లేబుల్ చుట్టూ గీసి ఉండే మాతృక సంఖ్య, టేక్ సంఖ్య చూసి మేము ఏ ప్రతి ఏ రోజు పుట్టిందో గుర్తుపడతాం.

అధ్యాపకురాలు: 1925లో మైక్రోఫోన్‌తో రికార్డు చేసే విద్యుత్ పద్ధతి వచ్చాక ఇది ఎంత మారిందో తెలుసుకోవడానికి ఒక చక్కని జంట ఉంది. వైట్‌మన్ బృందమే గెర్ష్విన్ పియానోతో ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ను 1924 జూన్‌లో గొట్టం ముందు, 1927 ఏప్రిల్‌లో మైక్రోఫోన్ ముందు రికార్డు చేసింది. అది కచేరీ రచన, నిజమే, కాని అదే బృందం, అదే స్వరకర్త కావడం వల్ల తేడా యంత్రానిదని తేలికగా తెలుస్తుంది.

ఇంజనీరు: ఒక్క సవరణ చేయనివ్వండి. 1925ను చాలామంది గోడలాగా చూస్తారు, అది గోడ కాదు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ పద్ధతిని విక్టర్, కొలంబియా ఆ ఏడాదే తీసుకున్నాయి గాని, కొలంబియావారి చవక లేబుల్ హార్మొనీ మాత్రం దశాబ్దం చివరిదాకా పాత గొట్టాలతోనే నెట్టుకొచ్చింది. అందువల్ల 1927 నాటి రికార్డు మోటుగా వినిపిస్తే బృందాన్ని తప్పుపట్టే ముందు లేబుల్ చూడాలి. రెండో కొసన ఇంకొక ఉదాహరణ ఉంది. హెన్రీ హాల్ నడిపిన బీబీసీ డాన్స్ ఆర్కెస్ట్రా 1932లో చేసిన ‘టెడ్డీ బేర్స్ పిక్నిక్’ రికార్డులో కింది స్వరం నుంచి పై స్వరం దాకా ఎంత విస్తృతి ఉందంటే, బీబీసీ ఇంజనీర్లు తమ పరికరాలను పరీక్షించడానికి ఆ పిల్లల పాటనే చాలాకాలం వాడారు.

సమన్వయకర్త: మైక్రోఫోన్ వల్ల గాయకుడి స్థితి మారిందంటారు. కాని లేబుళ్ల మీద పేర్లు కనబడవు కదా?

సేకర్త: కనబడవు. ‘గాత్ర పల్లవితో’ అని ఒక చిన్న మాట వేసి ఊరుకునేవారు. అసలు పాట చరిత్ర రాయడంలో పెద్ద చిక్కు ఈ పేర్లదే. ఒక కంపెనీతో ఒప్పందం ఉన్న బృందం మరో కంపెనీకి మారుపేరుతో వాయించేది. ఫ్లెచర్ హెండర్సన్ బృందం హార్మొనీ లేబుల్ మీద ‘డిక్సీ స్టాంపర్స్’ అయింది. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం ‘వాషింగ్టోనియన్స్’ అనీ ‘జంగిల్ బ్యాండ్’ అనీ రకరకాల పేర్లతో ఒకే బాణీని వేర్వేరు కంపెనీలకు రికార్డు చేసింది. ఇంగ్లండులో మరీ విచిత్రం: హెచ్ఎంవీ కంపెనీ తరఫున రే నోబుల్ నడిపిన ‘న్యూ మేఫెయిర్ డాన్స్ ఆర్కెస్ట్రా’ ప్రధానంగా రికార్డింగు గది కోసం లండన్ హోటళ్ల బ్యాండ్లలోని మేటి వాద్యకారులను పోగుచేసిన బృందం. 1930ల తొలినాళ్ల బ్రిటిష్ డాన్స్ సంగీతం అనగానే ముందుగా గుర్తొచ్చే రికార్డులు ఆ గదిలోంచి వచ్చాయి. వాటిలో చాలావాటికి పాడినవాడు అల్ బౌలీ. అతను లండన్ చేరకముందు మన కలకత్తాలో జిమ్మీ లెక్విమ్ బ్యాండులో పనిచేశాడు. 1941 ఏప్రిల్‌లో లండన్ మీద పడిన జర్మన్ బాంబుకు చనిపోయాడు.

సమన్వయకర్త: మేడమ్, మాస్టారి వాదన ప్రకారం మూడు నిమిషాల హద్దు ఆ సంగీతాన్ని కుదించేసింది. మీరు ఒప్పుకుంటారా?

అధ్యాపకురాలు: సగమే ఒప్పుకుంటాను. ఆ హద్దు లేకపోతే ఆ యుగంలో అందరికీ తెలిసిన పాట పుట్టేదే కాదు. నేను ‘ఇన్ ది మూడ్’ గురించి మాట్లాడుతున్నాను. 1939 ఆగస్టు 1న గ్లెన్ మిల్లర్ బృందం బ్లూబర్డ్ లేబుల్‌కు రికార్డు చేసిన ఆ బాణీ మిల్లర్‌ది కాదు. లేబుల్ మీద స్వరకర్తగా ఉన్న జో గార్లండ్ కూడా దాని మూల స్వరపంక్తిని కొత్తగా పుట్టించలేదు. 1930లో వింగీ మనోన్ చేసిన ‘టార్ పేపర్ స్టాంప్’ రికార్డులో ఆ పంక్తి స్పష్టంగా ఉంది. 1931లో ఫ్లెచర్ హెండర్సన్ బృందం చేసిన ‘హాట్ అండ్ యాంక్షస్’లో అదే మళ్లీ వచ్చింది. 1935లో మిల్స్ బ్లూ రిథమ్ బ్యాండు కోసం గార్లండ్ రాసిన ఒక రచనలో తిరిగి తొంగిచూసింది. చివరికి ‘ఇన్ ది మూడ్’ అనే పేరుతో 1938లో ఎడ్గార్ హేస్ బృందం డెక్కా కంపెనీకి రికార్డు చేసింది. వాద్యకారుల మధ్య చేతులు మారుతూ తిరిగే ఇలాంటి పంక్తి ఎవరి సొత్తని అడిగితే ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేకపోయేవారు. కాగితం మీద ముందుగా నమోదు చేయించుకున్నవాడి పేరు నిలిచింది, మనోన్ పేరు నిలవలేదు.

ఇప్పుడు పొడవు సంగతికి వస్తాను. గార్లండ్ ఈ రచనను మరో బృంద నాయకుడు ఆర్టీ షాకు ఇచ్చాడు. షా బృందం రేడియోలో వాయించింది గాని, వారి రూపం రికార్డుకు ఒకవైపు పట్టనంత పొడవు కావడంతో కంపెనీకి రికార్డు చేయలేదు. మిల్లర్ చేతికి వచ్చాక అతను కత్తెర పట్టాడు. అదనపు భాగాలు తీసేశాడు. రెండు సాక్సఫోన్లు, టెక్స్ బెనెకీది ఒకటి, ఆల్ క్లింక్‌ది ఒకటి, ఒకదానికొకటి బదులు చెప్పుకునే ఘట్టాన్ని, క్లైడ్ హర్లీ ట్రంపెట్ ఘట్టాన్ని ఉంచాడు. చివర ఆ పంక్తినే క్రమంగా ధ్వని తగ్గించి, ఇంకా తగ్గించి తిప్పుతూ, అయిపోయిందనుకున్న ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టి, ఆఖరున ఒక్కసారిగా బిగ్గరగా మోగించాడు. ఆడుతున్నవారిని ఆగాలా వద్దా అన్న సందిగ్ధంలో పెట్టే ఆ ముగింపు వల్లనే ఆ రికార్డు ముప్ఫై అయిదు సెంట్లకు దొరికే చవక లేబుల్ మీద నుంచి దేశమంతటి జ్యూక్‌బాక్సుల్లోకి, అంటే నాణెం వేస్తే రికార్డు మోగించే యంత్రాల్లోకి, ఎక్కింది. సుమారు మూడున్నర నిమిషాల్లో అంత పొందిక రావడానికి పలక పెట్టిన హద్దే కారణమని నా అభిప్రాయం.

సేకర్త: పొందిక వచ్చింది, కాదనను. అయితే ఆ పొందిక రికార్డు గుణం, నాట్యశాల గుణం కాదు. హద్దును దాటాలనుకున్నవారు రెండు వైపులా వాడుకున్నారు కూడా. 1937 జులైలో బెన్నీ గుడ్‌మన్ ‘సింగ్, సింగ్, సింగ్’ను పన్నెండు అంగుళాల రికార్డుకు రెండు వైపులా నింపాడు, ఎనిమిది నిమిషాలు దాటింది. మధ్యలో లేచి రికార్డు తిప్పవలసిందే. మనవాళ్లు పద్యనాటకాలను రికార్డుల సెట్లుగా కొని ఒక్కొక్కటే తిప్పుతూ విన్నట్లే.

ఇంజనీరు: నాట్యశాలలో ఏం మోగిందో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది, అది కంపెనీల గుండా వెళ్లదు. 1940 నవంబరు 7న నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గో పట్టణంలో క్రిస్టల్ బాల్‌రూమ్‌లో ఎల్లింగ్టన్ బృందం వాయిస్తుంటే, జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు యువ అభిమానులు అనుమతి తీసుకుని, చేత మోసుకుపోగల యంత్రంతో పదహారు అంగుళాల పలకల మీద ఆ సాయంత్రాన్ని రికార్డు చేశారు. మెల్లగా, నిమిషానికి ముప్ఫై మూడు, ఇంకొక మూడో వంతు చుట్లు తిరిగే ఆ పలకల మీద పాట తన పొడవు తాను తీసుకోగలిగింది. పలక మార్చేటప్పుడు తెగిన చోట్లు ఉన్నాయి, జనం అరుపులు ఉన్నాయి, అప్పుడే బృందంలో చేరిన రే నాన్స్ ట్రంపెట్ ఉంది. 1978లో అది బహిరంగంగా విడుదలై తరువాత గ్రామీ బహుమతి కూడా పొందింది. 1940లోనే అదే బృందం విక్టర్‌కు చేసిన రికార్డుల పక్కన పెట్టి వింటే మాస్టారు చెప్పిన తేడా కొలిచి చూడవచ్చు.

సమన్వయకర్త: డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పండి. వాద్యకారులకు వాటా దక్కేదా?

సేకర్త: తరచుగా దక్కేది కాదు. బృంద నాయకుడు కౌంట్ బేసీ డెక్కాతో చేసుకున్న తొలి ఒప్పందం ప్రకారం ఇరవై నాలుగు పాటలకు మొత్తం 750 డాలర్లు ఇచ్చారు, అమ్మకాల మీద వాటా సున్నా. ‘వన్ ఓ క్లాక్ జంప్’ ఆ ఒప్పందం కిందనే రికార్డయింది.

అధ్యాపకురాలు: ఆ అసంతృప్తే 1942 ఆగస్టు 1న సమ్మెగా మారింది. జ్యూక్‌బాక్సులు, రేడియోలో మోగే రికార్డులు వాద్యకారుల పనిని మింగేస్తున్నాయని వాద్యకారుల సంఘం అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో రికార్డింగు మానిపించాడు. డెక్కా 1943 సెప్టెంబరులో రాజీపడింది, విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా పట్టుపట్టాయి. అప్పటికే ఇంకొక కరువు నడుస్తోంది: రికార్డుల తయారీకి కావలసిన లక్క ప్రధానంగా మన దేశంనుంచి, ఛోటానాగపూర్ అడవుల వైపునుంచి వెళ్లేది. యుద్ధం వల్ల ఓడదారులు ప్రమాదంలో పడటంతో 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల లక్క వాడకాన్ని బాగా కోసింది. కొత్త రికార్డు కావాలంటే పాతది తెచ్చి ఇవ్వమన్నారు. అలా కరగబెట్టిన వాటిలో ఎన్ని అపురూప టేకులు పోయాయో లెక్కలేదు.

ఇంజనీరు: సైనికుల కోసం సమ్మెకు మినహాయింపుగా వచ్చిన ‘వి-డిస్కు’లను మరవకూడదు. అవి పన్నెండు అంగుళాలవి, లక్క బదులు ప్లాస్టిక్‌తో చేసినవి, ఒకవైపు ఆరు నిమిషాల దాకా పట్టేవి. యుద్ధం ముగిశాక ఒప్పందం ప్రకారం వాటి మాతృకలను, అంటే అచ్చుమూసలను, ధ్వంసం చేశారు. మేము ఇవాళ బాగుచేస్తున్నవి సైనికులు ఇళ్లకు తెచ్చుకున్న ప్రతులు.

అధ్యాపకురాలు: సమ్మె కాలంలో కంపెనీలు పాత పలకలను తవ్వి తీశాయి. 1939 ఆగస్టులో హ్యారీ జేమ్స్ బృందం కొలంబియాకు చేసిన ‘ఆల్ ఆర్ నథింగ్ ఎట్ ఆల్’ అప్పట్లో కొద్ది వేల ప్రతులే అమ్ముడైంది. 1943లో అదే రికార్డును మళ్లీ విడుదల చేసినప్పుడు లేబుల్ మీద ముందు నిలిచింది పాడిన ఫ్రాంక్ సినాత్రా పేరు, వెనక్కి పోయింది బృందం పేరు. ఈసారి అది లక్షల్లో అమ్ముడైంది. గాడిలోని సంగీతం అదే, మారింది లేబుల్.

సమన్వయకర్త: చివరిగా ఒక శ్రోత ప్రశ్న. ఈ రికార్డులను ఇప్పుడు స్వేచ్ఛగా పంచుకోవచ్చా, వినాలంటే ఏ వరుసలో వినాలి?

ఇంజనీరు: అమెరికా 2018లో చేసిన చట్టం ప్రకారం 1923కు ముందు విడుదలైన రికార్డులపై హక్కులు 2022 జనవరి 1న ముగిశాయి, కనుక ‘విస్పరింగ్’ అక్కడ అందరిదీ. 1923 నుంచి 1946 దాకా విడుదలైనవాటికి నూరేళ్ల గడువు. ఆ లెక్కన మిల్లర్ ‘ఇన్ ది మూడ్’ రికార్డు 2040 జనవరి 1 దాకా ఆగాలి. స్వరరచన హక్కు వేరే లెక్క.

అధ్యాపకురాలు: ముందు మనోన్, తరువాత హెండర్సన్, హేస్, ఆపైన రేడియోలో నిలిచిన షా ప్రసారం, అప్పుడు మిల్లర్ వినమంటాను. మిల్లర్‌ను మొదట వింటే మిగతావన్నీ చిత్తుప్రతుల్లాగా వినిపిస్తాయి, అది వాటికి అన్యాయం.

సేకర్త: నేను ఇంకొకటి కలుపుతాను. మిల్లర్ బృందం 1939 అక్టోబరు 6న కార్నెగీ హాలులో అదే పాట వాయించినప్పటి రికార్డింగు కూడా ఉంది. అది కచేరీ హాలే, నాట్యశాల కాదు. అయినా ఎదుట మనుషులున్నారు. ఆ చివరి ఘట్టం దగ్గర బృందం ఎలా నడిచిందో స్టూడియో రికార్డుతో పోల్చి విని, మేడమ్ గారి పక్షమో నా పక్షమో శ్రోతలే తేల్చుకోవచ్చు.