బీరువా జరిపేదెవరు?

శ్రోతలకు నమస్కారం.

ఓనరుకూ కిరాయిదారుకూ గొడవ అనగానే కరెంటు బిల్లు, నీళ్ల మోటరు, నెల దాటిన కిరాయి గుర్తొస్తాయి. ఈరోజు నేను ఇంకో తగాదా గురించి మాట్లాడతాను. నల్లులు. పేరు చెప్పడానికే సిగ్గుపడతాం. అందుకే మాట బయటికొచ్చేసరికి అవి ఇల్లంతా పాకి ఉంటాయి. ఆ వెంటనే ఓనరు నోట వచ్చే మాట ఒకటే: "ఇల్లు ఖాళీ చేయండి."

నేనూ రెండు పోర్షన్లు కిరాయికి ఇచ్చినవాణ్నే. ఓనర్ల టెన్షన్ నాకు తెలుసు. ఫలానా ఇంట్లో నల్లులున్నాయని వాడకట్టులో పొక్కిందంటే టులెట్ బోర్డు గేటుకు అట్లాగే ఉండిపోతుంది. అయినా సరే, ఆ మాట అనేముందు కాస్త ఆగండి అంటాను. ఎందుకో ఒక ఇంటి కథ చెబితే తెలుస్తుంది.

వరంగల్ కొత్తవాడలో నాకు తెలిసిన ఇల్లు అది. నాలుగు పోర్షన్లు. ఓనరు రిటైరైన బస్సు డ్రైవరు, మంచివాడే. వెనక గదిలో డెబ్బై దాటిన అవ్వ ఒక్కతే ఉంటుంది. భర్త మగ్గం మీద తివాచీలు నేసేవాడు, ఎప్పుడో పోయాడు. పింఛను, కొడుకు అప్పుడప్పుడు పంపే డబ్బులు, అంతే ఆధారం. కిరాయి మాత్రం ఎన్నడూ ఆపలేదు. మోకాళ్ల నొప్పులు, చూపు తక్కువ. గదిలో ఒక టేకు మంచం, ఒక ఇనప బీరువా, మూటకట్టిన పాత తివాచీలు. భర్త చేతి పని కదా, ఎవరినీ ముట్టనీయదు.

పక్క పోర్షన్ పిల్లలకు పొద్దున లేచేసరికి ఒంటిమీద వరసగా ఎర్రటి దద్దుర్లు. పెస్ట్ కంట్రోల్ అబ్బాయిని పిలిపించారు. సామాన్లన్నీ గోడకు దూరంగా జరిపి పెట్టండి అని ముందురోజే చెప్పాడు. మూడు పోర్షన్ల వాళ్లు జరిపారు. అవ్వ గది తలుపు మాత్రం గడియ పెట్టి ఉంది. "ఇయ్యాల వద్దు బిడ్డా, రేపు రాండ్రి" అని లోపలినుంచే జవాబు. మళ్లీ పోతే మళ్లీ అదే జవాబు.

ఓనరుకు కోపమొచ్చింది. "మందు కొట్టనియ్యదు, ఈమెతోని ఇల్లంత ఆగమైతాంది" అని అవ్వ కొడుక్కు ఫోన్ చేసి, నెలాఖరుకల్లా తీసుకపొమ్మన్నాడు.

ఆ తర్వాత పెస్ట్ కంట్రోల్ అబ్బాయి ఒక్కడే వచ్చి గడప మీద కూర్చున్నాడు. "అవ్వా, మందంటే భయమా?" అని అడిగాడు. "మందుకేం భయం బిడ్డా? సామాన్ల జరుపుమంటిరి. ఆ బీరువ నాతోని జరుగుతదా? జరపలేదంటె తిడ్తరని గడియ పెట్టుకున్న."

అదీ సంగతి. ఆమె వద్దనలేదు, ఆమెకు చాతకాలేదు. మళ్లీ చెబుతున్నాను, వద్దనలేదు, చాతకాలేదు. చాతకాదని చెప్పుకోవడానికి మొహమాటపడింది. ఓనరు దాన్ని మొండితనం అనుకున్నాడు.

పై పోర్షన్‌లో ఉండే డిగ్రీ పిల్లగాడు వచ్చి ఒక చెయ్యి వేశాడు. బీరువా జరిగింది. వెనక గోడలో పగులు, పక్కనే స్విచ్‌బోర్డు. మెయిన్ ఆపి బోర్డు మూత విప్పి టార్చి వేస్తే లోపల నల్లులు, సిరా చుక్కల్లాంటి మరకలు, ఆవగింజ కంటే చిన్న తెల్లటి గుడ్లు. ఆ కరెంటు పైపు గోడలోంచి పక్క పోర్షన్‌కు, అక్కడినుంచి ఓనరు పడకగదికి పోతుంది. అవ్వను పంపేస్తే మంచంతోపాటు కొన్ని కొత్త ఇంటికి పోతాయి, గోడలో ఉన్నవి ఇక్కడే ఉంటాయి. నెలల తరబడి తిండి లేకుండా బతికే పురుగు అది. ఈ గదిలో మనిషి లేకపోతే పక్క గదిలో మనిషిని వెతుక్కుంటుంది. అబ్బాయి చెప్పిన ఈ మాట విన్నాక ఓనరు అవ్వ కొడుక్కు మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి గొంతు తగ్గించి.

తివాచీల మూటలు అవ్వ ముందే, ఆమె చెప్పినట్టే విప్పి దులిపారు. మందు నాలుగు పోర్షన్లలో ఒకే రోజు కొట్టారు. రెండు వారాలకు మళ్లీ కొట్టాలంటే ఓనరు "కనబడ్తలేవు గదా" అని నసిగాడు. మామూలు మందులు గుడ్లను సరిగా చంపవు. వారం పది రోజుల్లో అవి పొదుగుతాయి. రెండోసారి మానేస్తే మొదటిసారి పెట్టిన డబ్బులు దండగ. ఆ ఇంట్లో మూడోసారి కూడా కొట్టాల్సి వచ్చింది. ఖర్చు ఓనరే పెట్టుకున్నాడు, సణుగుతూనే. నన్నడిగితే అదే న్యాయం. గోడ ఆయనది.

నల్లులు మురికివాళ్ల ఇళ్లకే వస్తాయనుకోకండి. సంచిలోనో, సెకండ్‌హ్యాండ్ మంచంలోనో ఏ ఇంటికైనా వస్తాయి. జబ్బులు అంటించవు గానీ నిద్ర పాడుచేస్తాయి. ఇంకొకటి, పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందు గదిలో కొట్టొద్దు. ధాన్యానికి పెట్టే గోళీలు అసలే వద్దు. వాటి గ్యాస్ పక్క గదిలోకి పాకి నిద్రలోనే ప్రాణాలు తీస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. నోటిమాటతో ఇల్లు ఖాళీ చేయించలేరు. వేరే ఒప్పందం లేకుండా నెలనెలా కిరాయి కట్టే వాళ్లకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ పోకపోతే కోర్టుకెక్కాలి. అంతేగాని సామాను రోడ్డు మీద పడేయడం, తాళం వేయడం కుదరదు. అట్లా గెంటేస్తే ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఆడవాళ్లకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. న్యాయసేవా సంస్థ ఫోన్ నంబరు 15100.

ఓనర్లకు నేను చెప్పేది ఒక్కటే పని. మందు కొట్టే ముందురోజు సాయంత్రం ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల గదికి మీరే పోండి. "సిద్ధంగా ఉన్నారా?" అని అడిగితే ఉన్నామనే అంటారు. "ఏది జరపాలె? ఎవర్ని పంపాలె?" అని అడగండి. వెంట ఒక పిల్లగాణ్ని తీసుకపోండి. రెండోసారి వచ్చే తారీఖు అప్పుడే వాళ్ల క్యాలెండర్ మీద రాసిపెట్టండి, కొంచెం పెద్ద అక్షరాలతో.

సెలవు.