కుక్కకు ఎజిలిటీ శిక్షణ: ఎక్కడ మొదలుపెట్టాలి

సభకు నమస్కారం.

కుక్క వరుసగా అడ్డంకులను దాటుతూ, మనిషి చూపిన దారిలో పరుగెత్తే ఎజిలిటీ పోటీని తొలిసారి చూసినవారికి, ఇంటికి వెళ్లగానే ఒక కర్రను అడ్డంగా కట్టి తమ కుక్కను దాని మీదుగా దూకించాలనిపిస్తుంది. ఆ ఉత్సాహం మంచిదే. అయితే ఎత్తుకు దూకడం ఈ శిక్షణలో చాలా ఆలస్యంగా రావలసిన పాఠమని చెప్పడమే నా ఉద్దేశం.

1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ అనే కుక్కల ప్రదర్శనలో, ప్రధాన పోటీల మధ్య ప్రేక్షకుల వినోదం కోసం, గుర్రాల జంపింగ్ పోటీల నమూనాలో ఈ క్రీడ మొదలైంది. గుర్రపు రౌతు చేతిలో కళ్లెం ఉంటుంది. ఎజిలిటీ పోటీలో మాత్రం కుక్కకు తాడు ఉండదు, పరుగు ముగిసేవరకు మనిషి దాన్ని తాకకూడదు, చేతిలో తినుబండారం చూపించి ఆశపెట్టకూడదు. కుక్కకు దారి చూపేవి మన గొంతు, మన దేహం, అంతే. ఈ రెండింటిలోనూ అది ముందుగా గమనించేది మన పాదాలూ భుజాలూ ఎటు తిరిగాయన్నదే కనుక, నోటితో సొరంగం (కుక్క దూరి వెళ్లే గొట్టం) పేరు చెబుతూ భుజాన్ని హర్డిల్ (దూకి దాటే అడ్డుకర్ర) వైపు తిప్పితే అది హర్డిల్ వైపే పరుగెడుతుంది. అందుకు కుక్కను కోప్పడటం అన్యాయం. అందుకే తొలి వారాల్లో పరికరాలేవీ అక్కర్లేదు. పిలవగానే రావడం, చెప్పేదాకా కూర్చున్నచోటే ఆగడం, మన కుడివైపునా ఎడమవైపునా సమానంగా పరుగెత్తడం నేర్పితే చాలు.

వయసు విషయంలో నేను రాజీపడను. ఎదిగే కుక్క ఎముకల కొసల్లో పెరుగుదల జరిగే మెత్తని భాగాలు ఉంటాయి. అవి గట్టిపడడానికి పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా పట్టవచ్చు. ఈలోగా పదేపదే దూకిస్తే కలిగే గాయం జీవితాంతం వెంటాడవచ్చు. కుక్కల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ కూడా 18 నెలలు నిండని కుక్కను పోటీకి అనుమతించదు. అప్పటిదాకా కర్రను నేలమీదే ఉంచి దాటించండి, పొట్టి సొరంగంలో పరుగెత్తించండి. మొదలుపెట్టేముందు పశువైద్యునికి చూపించడం తప్పనిసరి.

పరికరాల్లో నిజంగా ఓపిక అడిగేది తూగుడుబల్ల, అంటే కుక్క నడుస్తుంటే ఒకవైపు నుంచి మరోవైపుకు వాలే పలక. కాలి కింద నేల కదలడం, బల్ల కొస దభీమని నేలను తాకడం, రెండూ కుక్కను భయపెడతాయి; ఒక్కసారి బెదిరిన కుక్క నెలల తరబడి దాని దగ్గరకే రాకపోవచ్చు. కాబట్టి వెడల్పైన పలకను నేలమీద పరిచి, కింద ఒక దుప్పటి మడత పెట్టి, అది కాస్త కదిలినప్పుడల్లా తినుబండారం ఇవ్వండి. చప్పుడును మొదట దూరం నుంచి వినిపించి, కుక్క నిశ్చింతగా ఉన్నాకే దగ్గరికి తీసుకురండి. ఏ దశలోనైనా అది వెనక్కి తగ్గితే మెడపట్టీ పట్టి లాగకండి, అంతకు మునుపటి దశకు తిరిగి వెళ్లండి. ఏటవాలు పరికరాల కొసల్లో వేరే రంగు వేసిన భాగాన్ని కుక్క పాదంతో తాకి తీరాలన్న నియమం కూడా, అది పైనుంచి ఒక్కసారిగా కిందికి దూకి గాయపడకుండా ఉండేందుకే.

ఇక 60 సెంటీమీటర్ల ఎడంతో నిలిపిన 12 కర్రల మధ్య మెలికలు తిరిగే విద్య. మొదటి కర్ర కుక్క ఎడమ భుజం వైపు ఉండేలా లోపలికి ప్రవేశించాలి. దీన్ని రెండు కర్రలతో ఆరంభించి, ప్రవేశం ఏ కోణం నుంచైనా తప్పకుండా కుదిరాకే మూడో కర్ర చేర్చండి. సాధన నాలుగైదు నిమిషాలకు మించకుండా, కుక్క ఇంకా కావాలని తోకాడిస్తున్నప్పుడే ఆపండి.