గోడ మూలన రాసుకున్న పేరు

అందరికీ నమస్కారం. ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల ముందు మాట్లాడమంటే కాస్త బెరుకుగానే ఉంది. నేను కాలేజీలో బొమ్మలు నేర్చుకోలేదు. మా నాన్న వెనకాల రంగు డబ్బా మోస్తూ నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లు తిరిగి నేర్చుకున్నాను. పురుగుమందులు, సిమెంటు, బీడీలు... ఏ కంపెనీ పనిస్తే ఆ కంపెనీ పేరు గోడలకు రాసేవాడు. ముందు గోడకు సున్నం కొట్టాలి. నీలిమందులో ముంచిన దారాన్ని చెరో కొస పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే తిన్నగా గీత పడేది. ఆ గీతల మధ్య అక్షరాలు. కూలి చదరపు అడుగుల లెక్కన. అంతా అయ్యాక కింద కుడి మూలన, జానెడు జాగాలో తన పేరూ, పక్కన ‘ఆర్ట్స్’ అనీ రాసుకునేవాడు. ఒకసారి కంపెనీ మనిషి వచ్చాడు. “ఇది మా యాడ్ కదా బాబాయ్, ఇందులో నీ పేరెందుకు?” అని దాని మీద సున్నం కొట్టించాడు. కొట్టింది కూడా నాన్నే.

మీరు నన్ను మాట్లాడమన్నది కొలాబ్‌ల గురించి. వీధిలో పేరు తెచ్చుకున్న ఆర్టిస్టూ, బ్రాండూ కలిసి ఒక బూటో, వాచీయో, టీషర్టో తేవడం. రెండు పేర్ల మధ్య గుణకారం గుర్తు పెడతారు. అది చూసినప్పుడల్లా నాకు ఆ గోడ మూల గుర్తొస్తుంది.

న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో ప్రకటన గడువు తీరితే, కొత్తది వచ్చేదాకా దాని మీద నల్ల కాయితం అంటించేవారు. 1980లో కీత్ హారింగ్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడికి అది బడి పలకలా కనబడింది. తెల్ల సుద్దముక్క పట్టుకుని మొదలుపెట్టాడు. పాకే పసివాడు, మొరిగే కుక్క, ఎగిరే పళ్లెం. రైలు వచ్చేలోపు ఒక బొమ్మ. ఒక్కోరోజు నలభై దాకా గీసేవాడట. పోలీసులు పట్టుకుపోయేవారు, మళ్లీ వచ్చి గీసేవాడు. కొన్నాళ్లకు కొత్త ప్రకటన వచ్చి బొమ్మను మింగేసేది. ఒక్కసారి ఆలోచించండి, ఏ బ్రాండూ కొనని జాగా ఆయన కాన్వాసు.

1986 నాటికి ఆ బ్రాండ్లే వెతుక్కుంటూ వచ్చాయి. స్వాచ్ వాచీలు, అబ్సొల్యూట్ వోడ్కా ప్రకటన. అదే ఏడాది లఫాయెట్ స్ట్రీట్‌లో ‘పాప్ షాప్’ అని సొంత కొట్టు తెరిచి టీషర్టులు, బ్యాడ్జీలు అమ్మాడు. అమ్ముడుపోయాడని చాలామంది ఆడిపోసుకున్నారు. నాకలా అనిపించదు. గ్యాలరీ గుమ్మం ఎక్కని పిల్లాడు చిల్లర డబ్బులతో ఆయన బొమ్మ జేబుకి పెట్టుకుని వెళ్లాడు. కొట్టు ఆయనది, ధర ఆయనది, గీత ఆయనది. 1990లో ఎయిడ్స్‌తో 31 ఏళ్లకే పోయాడు. అంతకు ముందు ఏడాదే ఫౌండేషన్ పెట్టి, బొమ్మల హక్కులకు దిక్కు చూసి వెళ్లాడు. అందుకే ఇవాళ్టికీ యూనిక్లో టీషర్టు మీద ఆ కుక్క మొరగాలంటే ఫౌండేషన్ ఒప్పుకోవాలి. వచ్చిన డబ్బులోంచి కొంత ఎయిడ్స్ మీదా పిల్లల కోసమూ పనిచేసే సంస్థలకు వెళుతుంది.

రెండో కథ ఒక దర్జీది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, 125వ వీధిలో, 1982లో డేనియల్ డే కొట్టు తెరిచాడు. లోకానికి డాపర్ డాన్. రాత్రీ పగలూ తెరిచే ఉండేది. తోలు మీద గూచీ, లూయీ వ్యుటాన్, ఫెండి లాంటి ఖరీదైన ఫ్యాషన్ కంపెనీల అక్షరాలను స్క్రీన్ ప్రింటింగ్ చేసి, ఆ కంపెనీలు కలలో కూడా కుట్టని కోట్లు కుట్టాడు. ర్యాపర్లు, బాక్సర్ మైక్ టైసన్ ఆయన గిరాకీలు. చట్టం దృష్టిలో అది నకిలీ సరుకే. కానీ నకిలీకి ఒక అసలు ఉండాలిగా? ఆ కోట్లకు అసలు ఎక్కడా లేదు. ఫెండి లాయర్లు దాడులు చేయించారు. వాళ్లలో ఒకరు, తర్వాత అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయిన సోనియా సోటొమయోర్. 1992లో కొట్టు మూతపడింది.

1989లో ఆయన డయాన్ డిక్సన్ అనే ఒలింపిక్ పరుగుల రాణికి ఒక బొచ్చు జాకెట్టు కుట్టాడు. బుట్ట చేతులు! మన అమ్మమ్మల జాకెట్లకు ఉండేవే, కాకపోతే ఒక్కో బుట్టలో ఒక మనిషి పట్టేంత. వాటి మీద వ్యుటాన్ అక్షరాలు. 2017లో గూచీ ఫ్లారెన్స్ షోలో దాదాపు అదే జాకెట్టు నడిచొచ్చింది, అక్షరాలు మాత్రం గూచీవి. డిక్సన్ తన పాత ఫొటో పెట్టి, ఇది కుట్టిన మనిషి పేరు చెప్పండని అడిగింది. గొడవ పెద్దదైంది. అది ఆయనకు ఇచ్చిన గౌరవమని గూచీ చెప్పుకుంది. పేరు చెప్పని గౌరవం ఏమిటో నాకు అర్థం కాదు. చివరికి కలిసి పనిచేద్దామని వచ్చారు. 2018లో హార్లెమ్‌లోనే ఆయన కుట్టుశాల తెరుచుకుంది. కంపెనీల అక్షరాలు అచ్చేసినందుకు కొట్టు మూసుకున్న మనిషికి, కంపెనీయే అక్షరాల బట్ట పంపింది.

అదే 2018లో హెచ్ అండ్ ఎమ్ అనే బట్టల కంపెనీ ప్రకటనలో బ్రూక్లిన్ గోడ మీది రెవోక్ అనే ఆర్టిస్టు బొమ్మ వెనకాల కనబడింది. ఆయన లాయరు ఉత్తరం రాస్తే, అనుమతి లేకుండా గీసిన బొమ్మకు కాపీరైటే లేదని కంపెనీ కోర్టుకెక్కింది. కుర్రకారు భగ్గుమంటే దావా వెనక్కి తీసుకుంది. ఆ గోడ మీది ధైర్యం కావాలి, గీసినవాడు మాత్రం దొంగ.

మన హైదరాబాద్‌లో 2016లో వీధి గోడలకు బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు ఎం.ఎస్. మక్తా ఇళ్ల గోడలకు బొమ్మలు వేయించారు కదా. ఆ సంస్థకు చిరకాల తోడు ఏషియన్ పెయింట్స్. రంగుల కంపెనీకి వీధి గోడకంటే మంచి క్యాటలాగు ఏముంటుంది! తప్పని అనడం లేదు. మీ గీత వాళ్లకు ఎందుకు అవసరమో తెలిస్తే బేరం ఆడటం తేలిక.

నా సంగతి చెప్పి దిగిపోతాను. ఒక కూల్‌డ్రింక్ కంపెనీ డబ్బా మీద బొమ్మ వేయమంది. కాంట్రాక్టులో ‘అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా, విశ్వమంతటా’ అని ఉంది. చంద్రమండలంలో కూడానా అని అడిగాను. వచ్చిన కుర్రాడు నవ్వి, “మేం కూడా ఆ లైను చదవలేదు సార్” అన్నాడు. మూడు వారాలు లాగి, రెండేళ్లు, ఇండియా, డబ్బాల మీద మాత్రమే అని మార్పించాను. నా పేరు కూడా వేయమన్నాను. వేశారు. డబ్బా అడుగున, ఎక్స్‌పైరీ తేదీ పక్కన.