గొడవలకు కారణం పాటేనా?

[స్క్రీన్ మీద: చీకటి హాలు, ఎర్ర లైట్లు, స్టేజీ ముందు జనం]

ఇది హెవీ మెటల్ కాన్సర్ట్, అంటే హోరెత్తించే గిటార్లు, డ్రమ్స్‌తో సాగే రాక్ సంగీతం. స్టేజీ ముందు కాస్త ఖాళీ చేసుకుని, ఒకరినొకరు భుజాలతో గుద్దుకుంటూ తిరుగుతున్నారు చూశారా, దాన్ని మోష్ పిట్ అంటారు. మొదటిసారి చూసేవాళ్లకి కొట్లాటలాగే కనిపిస్తుంది. ఇప్పుడు ఈ మూల చూడండి. ఒకతను కింద పడ్డాడు.

[వీడియో నెమ్మదిస్తుంది]

ఒకరు చేతులు బార్లా చాచి వెనకవాళ్లని ఆపేశారు. ఇద్దరు అతని చంకల కింద చేతులేసి లేపారు. పడినవాడిని వెంటనే లేపాలన్నది పిట్‌లో అందరికీ తెలిసిన మొదటి రూల్. షూ లేసు కట్టుకోవడానికి ఎవరైనా వంగితే, వాళ్లకి దెబ్బ తగలకుండా చుట్టూ అడ్డంగా నిలబడతారు. దెబ్బలు తగలవని కాదు, తగులుతాయి. కానీ అక్కడ ఎవరికీ ఎవరి మీదా పగ లేదు.

మరి ఈ సంగీతం వింటే హింసకు దిగుతారన్న మాటలో నిజమెంత?

పాట మనసు మీద ఏమీ పనిచేయదని నేను అనను. 2003లో అమెరికాలో 500 మందికి పైగా కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగాలు వెలువడ్డాయి. హింసను పాడే పాటలు విన్న వెంటనే దూకుడు ఆలోచనలు పెరిగాయని తేలింది. అయితే వాళ్లు కొలిచింది ఆ కాసేపటి ఆలోచనల్ని, మూడ్‌ని. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీవాళ్లు 2015లో మెటల్ ఫ్యాన్స్‌నే కూర్చోబెట్టి చూశారు. ముందు కోపం తెప్పించే సంగతులు మాట్లాడించారు. తర్వాత కొందరిని తమకిష్టమైన పాటలు వినమన్నారు, మిగతావాళ్లని ఊరికే కూర్చోమన్నారు. పాటలు విన్నవాళ్ల కోపం పెరగలేదు, చిరాకు తగ్గింది. ఇది 39 మందితో చేసిన చిన్న అధ్యయనమే అన్నది గుర్తుంచుకోవాలి.

[స్క్రీన్ మీద: ఖాళీ కోర్టు గది]

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఈ అపోహకు మనుషులు మూల్యం చెల్లించారు. 1993లో అమెరికాలోని వెస్ట్ మెంఫిస్‌లో ముగ్గురు ఎనిమిదేళ్ల పిల్లలు హత్యకు గురయ్యారు. పోలీసులు ముగ్గురు టీనేజర్లని అరెస్టు చేశారు. వాళ్లని హత్యతో ముడిపెట్టే గట్టి భౌతిక ఆధారం లేదు. కానీ నల్ల బట్టలు, మెటాలికా అనే మెటల్ బ్యాండ్ పాటలు సైతాను పూజకు గుర్తులన్నట్టుగా కోర్టులో జ్యూరీ ముందుకొచ్చాయి. 1994లో ఇద్దరికి యావజ్జీవం, ఒకరికి మరణశిక్ష పడ్డాయి. తర్వాత చేసిన డీఎన్‌ఏ పరీక్షల్లో ముగ్గురిదీ సరిపోలలేదు. నిర్దోషులమని చెప్పుకుంటూనే ప్రభుత్వ లాయర్లతో చేసుకున్న ఒక ఒప్పందం మీద 2011లో బయటికొచ్చారు. అప్పటికి 18 ఏళ్లు జైల్లోనే గడిచిపోయాయి. ఆ పిల్లల తల్లిదండ్రులకు న్యాయం ఇంకా దొరకలేదు.

పాటలతోనే కథ నడిపే పాశ్చాత్య సంగీత నాటకం ఒపెరాని ఎవరూ ప్రమాదకరమైన సంగీతం అనరు. 1830 ఆగస్టు 25న బ్రస్సెల్స్‌లో ఒపెరాకి వచ్చిన జనం వీధుల్లోకి దూసుకొచ్చారు. ఆ అల్లర్లే చివరికి బెల్జియం స్వాతంత్ర్యానికి దారితీశాయి. డచ్ రాజు పాలన మీద కోపం అప్పటికే ఉడుకుతోంది, ఆ రాత్రి పాట దానికి నిప్పు అంటించిందంతే.

1999లో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో నిప్పు నిజంగానే అంటుకుంది. పాత వైమానిక స్థావరం, జూలై ఎండ, కాళ్ల కింద కాలుతున్న తారు, సీసా నీళ్లు 4 డాలర్లు. చివరి రాత్రి జనానికి కొవ్వొత్తులు పంచారు, వాటితో మంటలు పెట్టారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు కూడా జరిగాయి. వాటికి నీళ్ల ధర సాకు కాదు, చేసినవాళ్లదే నేరం.

[స్క్రీన్ మీద: మూసిన గాజు తలుపులు, బయట చలి]

చివరగా అమెరికాలోని సిన్సినాటి నగరం, 1979 డిసెంబర్ 3. ద హూ అనే రాక్ బ్యాండ్ షో. చాలా టికెట్ల మీద సీటు నంబర్ లేదు. ముందు వెళ్లినవాళ్లకే ముందు చోటు, అందుకే వేలమంది గంటల తరబడి తలుపుల దగ్గరే నిలబడ్డారు. లోపల నుంచి సంగీతం వినపడింది. షో మొదలైపోయిందనుకుని వెనకున్నవాళ్లు తోశారు. తెరిచినవి కొన్ని తలుపులే. ముందున్నవాళ్లకి ఊపిరి ఆడలేదు. 11 మంది చనిపోయారు.

ఆ నెలాఖరులోపే నగర పాలక మండలి ఒక నిషేధం తెచ్చింది. రాక్ సంగీతం మీద కాదు, సీటు నంబర్ లేని టికెట్ల మీద.