చెత్త బండి కంపెనీకిచ్చారు, రేపు కుళాయి కూడా ఇచ్చేస్తారా?

నమస్తే అండీ. 2025 ఆగస్టులో చెన్నై కార్పొరేషన్ ఆఫీసు ఉండే రిప్పన్ బిల్డింగ్ ముందు పారిశుద్ధ్య కార్మికులు రోజుల తరబడి బైఠాయించారు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. పదమూడో తేదీ అర్ధరాత్రి పోలీసులు వచ్చి వాళ్లని లాక్కెళ్లి బస్సులెక్కించిన వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. రాయపురం, తిరు వి.క. నగర్ జోన్లలో చెత్త పని ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పొద్దు, ఇన్నేళ్లుగా చేస్తున్న మమ్మల్ని కార్పొరేషన్ కిందే పర్మనెంట్ చేయండి అన్నారు, అంతే.

[స్క్రీన్ మీద: రిప్పన్ బిల్డింగ్, పక్కన చెన్నై జోన్ల మ్యాప్]

చెన్నైలో తరాలుగా ఈ పని చేస్తున్న కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన దళిత కుటుంబాలు అవి, ఉత్తర చెన్నైలోనే స్థిరపడిపోయాయి. ఐటీ ఉద్యోగానికని వచ్చి ఓఎమ్మార్‌లో ఫ్లాట్ తీసుకున్న మనకి వాళ్ల సంగతి తెలియదు, పొద్దున్నే మన వీధి ఊడ్చి వెళ్లిపోయిన అక్కతో ఒక్కసారైనా తెలుగులో మాట్లాడి ఉండం.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం, అసలు కథంతా అక్కడే ఉంది. కార్మికులు చెప్పిన ప్రకారం అప్పటిదాకా నెలకి దాదాపు 23 వేలు వచ్చేవి, కంపెనీ కిందకి వెళ్తే 17 వేలు కూడా రావు. వీధి మారలేదు, చెత్త మారలేదు, పని గంటలు తగ్గలేదు, మరి ఆ ఆరు వేలు ఏమయ్యాయి? చెత్త ఎత్తే పనిలో పెద్ద ఖర్చు మనుషుల జీతాలే అండీ. కార్పొరేషన్‌కి ఖర్చు తగ్గిందని చూపించాలి, కంపెనీకి లాభం మిగలాలి, ఈ రెండూ ఒకేసారి జరగాలంటే కోసుకోవడానికి దొరికేది ఆ జీతాలే, అందుకే "సామర్థ్యం పెరుగుతుంది" అని ఎవరైనా అన్నప్పుడు ఆ సామర్థ్యం ఎవరి జేబులోంచి వస్తోందని ముందు అడగాలి.

ఇది కొత్త ప్రయోగం అనుకునేరు. చెన్నైలో 2000లోనే మూడు జోన్లని ఓనిక్స్ అనే కంపెనీకి ఇచ్చారు, ఫ్రాన్స్‌కి చెందిన వివెండి గ్రూపుది. 2007లో నీల్ మెటల్ ఫనాల్కా వచ్చింది, తర్వాత రాంకీ, 2020లో స్పెయిన్ కంపెనీ అర్బసేర్‌తో కలిసి సుమీత్. మొదట్లో ఎత్తిన చెత్తకి టన్నుకింత అని డబ్బులిచ్చేవాళ్లు. బరువుకి డబ్బులిస్తే చెత్త తగ్గించాలని ఎవరికుంటుంది చెప్పండి? మీరు ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి, తడి చెత్త మొక్కలకి వేసుకుంటే కంపెనీకి ఆ మేరకి ఆదాయం తగ్గినట్టే. 2020 కాంట్రాక్టులో గానీ టన్ను లెక్క వదిలి పనితీరు లెక్కకి రాలేదు, అంటే ఇరవై ఏళ్లు పట్టింది.

[స్క్రీన్ మీద: మీంజూరు ప్లాంటు, సముద్రం వైపు నుంచి]

నీళ్ల విషయానికొస్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే చెత్త కంపెనీ నచ్చకపోతే మార్చొచ్చు గానీ నీళ్లకి పైపు ఒక్కటే. మీంజూరులో సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటు 2010లో మొదలైంది, రోజుకి పది కోట్ల లీటర్లు. దాన్ని ఐవీఆర్‌సీఎల్ అనే మన హైదరాబాద్ కంపెనీ, స్పెయిన్ కంపెనీ బెఫెసా కలిసి కట్టాయి, నీళ్లు మెట్రో వాటర్, అంటే చెన్నై నీటి బోర్డు కొనుక్కోవాలి, ఒప్పందం 25 ఏళ్లు. ఇలాంటి ఒప్పందాల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది, నువ్వు వాడినా వాడకపోయినా ఇంత కొనాల్సిందే అని. వానలు బాగా పడి చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చెంబరంబాక్కం చెరువులు నిండుగా ఉన్న ఏడాది కూడా ఆ బిల్లు ఆగదు. వాన పడకపోతే బాధ జనానిది, పడితే కూడా కంపెనీకి భయం లేదు. అదే నెమ్మేలిలో 2013లో వచ్చిన ప్లాంటు చూడండి, అంతే పెద్దది, కానీ ప్రభుత్వ డబ్బుతో కట్టింది, ఆస్తి మెట్రో వాటర్‌దే, నడపడానికి మాత్రం కాంట్రాక్టరుని పెట్టుకున్నారు. నాకు ప్రైవేటు ఇంజనీర్ల మీద కోపం ఏమీ లేదు, యాజమాన్యం ఎవరిది, రేటు ఎవరు తేలుస్తారు అన్నదే నా బాధ. ఇదే తమిళనాడులో కోయంబత్తూరు నీటి సరఫరాని 2018లో సుయెజ్ అనే ఫ్రెంచి కంపెనీకి 26 ఏళ్లకి ఇచ్చారు. ఇవాళ పుట్టిన పిల్లకి పెళ్లి వయసొచ్చేదాకా అన్నమాట, మధ్యలో ఎన్ని ఎన్నికలొచ్చినా మీ ఓటుతో ఆ కాగితం మారదు.

"గవర్నమెంటు వాళ్లు మాత్రం బాగా చేస్తున్నారా" అని మీలో చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2019 వేసవిలో ఈ ఊళ్లో చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించారు, బిందెలు పట్టుకుని మెట్రో వాటర్ లారీ కోసం జనం ఎదురుచూశారు, అది మర్చిపోమని నేననను. కానీ ఆ వేసవిలో ప్రైవేటు ట్యాంకర్లు ఎంతకి అమ్మాయో కూడా గుర్తుంచుకోవాలి కదా. ప్రభుత్వ సంస్థ సరిగ్గా పనిచేయకపోతే కౌన్సిలర్ ఇంటి ముందు ధర్నా చేయొచ్చు, వచ్చే ఎన్నికల్లో ఓడించొచ్చు, ట్యాంకర్ యజమానిని ఏం చేస్తాం? ప్యారిస్ నగరం పాతికేళ్లు నీళ్లు ప్రైవేటు కంపెనీల చేతుల్లో పెట్టి, 2010లో మళ్లీ తన చేతిలోకి తీసుకుంది, ఆ మరుసటి ఏడాది నీటి రేటు 8 శాతం తగ్గించింది. అంటే వెనక్కి రావడం కుదురుతుంది, కాకపోతే కాంట్రాక్టు గడువు అయ్యేదాకా ఆగాల్సొచ్చింది.

చెన్నైకి కృష్ణా నీళ్లు ఎలా వస్తున్నాయో ఒక్క నిమిషం చెప్తాను. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య తెలుగుగంగ ఒప్పందం, 1996లో నీళ్లు సరిహద్దు దాటి పూండి వైపు వచ్చాయి. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా వస్తాయి ఆ నీళ్లు, దారిలో రాయలసీమ రైతుకీ నెల్లూరు రైతుకీ కూడా అవసరమైనవే. తాగడానికి అడిగారు కాబట్టి ఇచ్చారు. అలా ఇచ్చిన నీళ్లు చివరి పైపు దగ్గర ఒక కంపెనీకి లాభంగా మారడం నేను ఒప్పుకోలేను. మనవాళ్లకి ఈ పోరాటం తెలియనిదీ కాదు, 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు వద్దని వెళ్లినవాళ్ల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ పెంపు ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన విద్యుత్ సంస్కరణల్లోంచి వచ్చిందే.

[స్క్రీన్ మీద: సమాచార హక్కు దరఖాస్తు నమూనా]

మీరు చెన్నైలో ఉంటే, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌కి దరఖాస్తు పెట్టండి. మీ జోన్ ఏ కంపెనీకి, ఎన్నేళ్లకి ఇచ్చారు, ఆ కంపెనీకి ఎంత ఇస్తున్నారు, అందులో కార్మికుడి చేతికి ఎంత వెళ్తోంది, పని సరిగ్గా చేయనందుకు ఇప్పటిదాకా ఎంత జరిమానా వేశారు అని అడగండి. దరఖాస్తు తమిళంలోనో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయాలి, తమిళం, ఇంగ్లిష్ నమూనాలు రెండూ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. జవాబు వస్తే కామెంట్లలో జోన్ నంబరుతో సహా రాయండి, వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి వచ్చే వీడియో చేస్తాను.