పలమనేరు పట్టుగూడు, కాలిన చర్మం: మధ్యలో ముప్పై నిమిషాల ఉడుకు

[తెర మీద: తట్టలో తెల్లని పట్టుగూళ్లు. ఒక చెయ్యి కొన్నింటిని ఏరి పక్కన పెడుతుంది.]

నమస్కారం. పలమనేరు, కుప్పం వైపు పట్టు రైతులకు ఈ ఏరివేత బాగా తెలుసు. రెండు పురుగులు కలిసి కట్టిన డబుల్ గూడు, చిల్లు పడ్డ గూడు రీలింగ్‌కి రావు, పోగు మధ్యలో తెగుతుంది. చర్మం మరమ్మతు కోసం చేసే స్కాఫోల్డ్‌కి, అంటే కణాలు పెరగడానికి ఆధారంగా వేసే స్పాంజి ముక్కకి మాత్రం అవి చక్కగా సరిపోతాయి. ఇక్కడ పోగు తీసే పని లేదు, గూటిని మొత్తం కరిగించేస్తాం. లోపల పురుగు చచ్చి మరక కారిన గూళ్లు మాత్రం వద్దే వద్దు.

[తెర మీద: చర్మం పొరల బొమ్మ.]

కాలిన గాయం పైపైన ఉంటే వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన కణాలే కొత్త పొరను పరుస్తాయి. లోతుగా కాలితే ఆ కుదుళ్లూ పోతాయి. అప్పుడు గాయం అంచుల నుంచే మూసుకోవాలి. మూసుకుంటూ చుట్టూ ఉన్న చర్మాన్ని లాక్కుంటుంది, అందుకే మోచెయ్యి, మెడ వంకర పోతాయి. కాకర తీగకు పందిరి వేసినట్టు ఇక్కడ కణాలకు ఒక ఆధారం వేస్తాం. తీగ అల్లుకునేకొద్దీ ఈ పందిరి తనంతట తానే కరిగిపోవాలి, కష్టమంతా అక్కడే. ఆవు కొలాజెన్, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థం కలిపి, పైన సిలికాన్ పొర వేసిన ఇలాంటి ఆధారానికి అమెరికాలో 1996లోనే అనుమతి వచ్చింది. పట్టులోని ఫైబ్రోయిన్ ప్రోటీన్‌తో చేస్తే ఎంత కాలానికి కరగాలో చాలావరకు మన చేతిలో ఉంటుంది. ఆ అదుపు బిగిసేదీ జారిపోయేదీ మొదటి మెట్టులోనే, అంటే గూటిని ఉడికించి జిగురు తీయడంలోనే.

[తెర మీద: కత్తెరతో గూడు ముక్కలు. స్టవ్ మీద రెండు లీటర్ల బీకరు.]

గూటిలో నాలుగింట మూడు వంతులకు కాస్త తక్కువగా ఫైబ్రోయిన్, మిగతాది సెరిసిన్ అనే జిగురు. గూటిని కోసి, ప్యూపానూ పురుగు విడిచిన పొరనూ తీసేసి, 5 గ్రాముల ముక్కలు తూయండి. 2 లీటర్ల నీళ్లు మరిగాక 4.24 గ్రాముల నిర్జల సోడియం కార్బొనేట్ వేయండి. సీసా మీద డెకాహైడ్రేట్ (నీటి అణువులు కలిసి ఉన్న రకం) అని ఉంటే 11.4 గ్రాములు కావాలి. ఇక్కడ పొరపాటు పడేవాళ్లు చాలామంది: డెకాహైడ్రేట్‌ని కూడా 4.24 గ్రాములే వేసి, జిగురు ఎందుకు పోలేదా అని తల పట్టుకుంటారు. వంటసోడా వేరు, దాని జోలికి పోవద్దు. బోరు నీళ్లూ వద్దు. అందులోని కాల్షియం సోడాతో కలిసి సున్నంలా పోగుల మీద పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి.

ముక్కలు వేసి సరిగ్గా 30 నిమిషాలు ఉడికించండి, మధ్యమధ్య కలపండి. తీసి, లీటరు నీళ్లలో 20 నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి, పిండి, రాత్రంతా ఆరబెట్టండి. బరువు 3.6 గ్రాముల దగ్గరికి రావాలి. 4 దాటిందంటే జిగురు మిగిలినట్టే. అనుమానం ఉంటే పిక్రోకార్మైన్ రంగు వేయండి: సెరిసిన్ ఎర్రగా, ఫైబ్రోయిన్ పసుపుగా కనిపిస్తుంది.

జిగురు పూర్తిగా పోవాలని గంటసేపు ఉడికిస్తే ఇంకా మంచిది కదా అంటారా? కాదు. ఫైబ్రోయిన్‌లోని పెద్ద ప్రోటీన్ గొలుసు దాదాపు 390 కిలోడాల్టన్లు (అణువుల బరువు కొలత) ఉంటుంది. ఉడికేకొద్దీ అది ముక్కలవుతుంది. గొలుసులు పొట్టివైతే ద్రావణం పలచబడుతుంది, స్పాంజి పెళుసవుతుంది, గాయంలో త్వరగా కరుగుతుంది. తక్కువ ఉడికిస్తే సెరిసిన్ మిగులుతుంది. ఫైబ్రోయిన్‌తో కలిసి ఉన్న సెరిసిన్ వల్ల ఒంట్లో వాపు రావచ్చు. అందుకే గడియారం పక్కనే ఉండాలి, ప్రతి బ్యాచ్‌కీ నిమిషాలు రాసుకోవాలి.

[తెర మీద: తేనె రంగు ద్రావణం.]

ఆరిన పట్టును చిన్న బీకరులో అదిమి, గ్రాముకు 4 మిల్లీలీటర్ల చొప్పున 9.3 మోలార్ లిథియం బ్రోమైడ్ ద్రావణం పోసి, 60 డిగ్రీల ఓవెన్‌లో 4 గంటలు ఉంచండి. లిథియం బ్రోమైడ్ నీళ్లలో కలిపేటప్పుడు బాగా వేడెక్కుతుంది, కొంచెం కొంచెంగా వేయండి. తర్వాత 3.5 కిలోడాల్టన్ల డయాలిసిస్ గొట్టంలో (ఉప్పును బయటికి వదిలి ప్రోటీన్‌ను లోపలే ఆపే పొర గొట్టం) పోసి 48 గంటలు నీళ్లలో ఉంచి, ఆరుసార్లు నీళ్లు మార్చాలి. చివరికి 7, 8 శాతం ద్రావణం వస్తుంది. అర మిల్లీలీటరు ఆరబెడితే 0.035 గ్రాములు మిగిలాయనుకోండి, అది 7 శాతం. గట్టిగా ఊపవద్దు, ఎండలో పెట్టవద్దు. జెల్ అయిపోతే మళ్లీ వెనక్కి రాదు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో దాచండి.

[తెర మీద: పెట్రీ డిష్‌లో తెల్లని స్పాంజి.]

ఒక్క ఫైబ్రోయిన్‌తోనే చేస్తే ఎండినప్పుడు అప్పడంలా విరుగుతుంది. అందుకే పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) తోడు. అలాంటి పాలిమర్ అయిన పాలీవినైల్ ఆల్కహాల్‌ని 85–90 డిగ్రీల నీళ్లలో కరిగించి, పూర్తిగా చల్లారాకే కలపాలి. 4 శాతం ఫైబ్రోయిన్ ఏడు పాళ్లు, 4 శాతం పాలీవినైల్ ఆల్కహాల్ మూడు పాళ్లతో మొదలుపెట్టవచ్చు. 3 మిల్లీమీటర్ల మందాన పోసి, మైనస్ 20లో రాత్రంతా గడ్డకట్టించి, ఫ్రీజ్ డ్రై చేయండి, అంటే గడ్డకట్టిన నీటిని కరగనివ్వకుండా వ్యాక్యూమ్‌లో ఆవిరిగా తీసేయండి. మంచు గడ్డలు ఉన్నచోటే రంధ్రాలవుతాయి. నెమ్మదిగా గడ్డకడితే పెద్దవి, మైనస్ 80లో చిన్నవి. కణాలు, రక్తనాళాలు లోపలికి దూరాలంటే కొన్ని పదుల మైక్రాన్ల నుంచి వంద మైక్రాన్ల వరకు కావాలి.

ఈ దశలో స్పాంజి నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. 90 శాతం మిథనాల్‌లో 30 నిమిషాలు ఉంచితే ఫైబ్రోయిన్ గొలుసులు బీటా షీట్లుగా, అంటే పక్కపక్కన బిగుసుకున్న పొరలుగా సర్దుకుని నీటికి లొంగదు. తర్వాత మిథనాల్ పోయేదాకా కడగాలి. ఆ కడుగులో పాలీవినైల్ ఆల్కహాల్ కొంత జారిపోతుంది, కాబట్టి కడిగాక మళ్లీ తూయాలి.

పై పొర కోసం ఎలక్ట్రోస్పిన్నింగ్ (ఎక్కువ వోల్టేజితో ద్రావణాన్ని సూది నుంచి రేకు మీదికి సన్నని పోగులుగా లాగడం) చేసే పద్ధతి ఉంది: 8 శాతం ఫైబ్రోయిన్ నాలుగు పాళ్లకు 5 శాతం పాలీఇథిలీన్ ఆక్సైడ్ ఒక పాలు, సూదికీ రేకుకీ 15 సెంటీమీటర్ల దూరం, 10–15 కిలోవోల్టులు. తిరుపతిలో నవంబరు వానల్లో పోగులు ఆరక ఒకదానికొకటి అంటుకుంటాయి. మే నెలలో సూది కొనమీదే ద్రావణం ఎండి అడ్డుపడుతుంది. గదిలో తేమ కొలిచే మీటరు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

క్రిమిరహితం చేసేటప్పుడు ఏ పాలిమర్ కలిపారో గుర్తుంచుకోండి. పాలీకాప్రోలాక్టోన్ కలిపి ఉంటే ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో వేడి ఆవిరి పట్టించే పాత్ర) పెట్టకూడదు, అది 60 డిగ్రీలకే కరుగుతుంది.

[తెర మీద: మైక్రోస్కోప్ కింద ఫైబ్రోబ్లాస్టులు, అంటే చర్మం లోపలి పొర కణాలు.]

ఇవన్నీ ల్యాబ్ మెట్లు. ఎవరి గాయం మీదా ఇలా చేసిన ముక్క పెట్టకూడదు. ముందు ఐఎస్‌ఓ 10993-5 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కణాల పరీక్ష. బతికిన కణాలు 70 శాతం కన్నా తగ్గితే ఆ ముక్కను విషపూరితంగానే లెక్కిస్తారు. తగ్గితే పట్టును తప్పుపట్టే ముందు డయాలిసిస్ నీళ్లు ఎన్నిసార్లు మార్చారో, మిథనాల్‌ని ఎంతసేపు కడిగారో నోటుబుక్కులో చూడండి. లిథియం ఉప్పో మిథనాలో మిగిలిపోయి ఉండవచ్చు.